గడియారం చూడని టోల్ గేటు

భోగికి రెండు రోజుల ముందు, హైదరాబాద్‌లో స్థిరపడిన కోస్తా కుటుంబాల్లో ఒకే చర్చ నడుస్తుంది. ఎన్నింటికి బయలుదేరాలి? ఆఫీసు నుంచి రాగానే నాలుగు మెతుకులు తిని రాత్రి తొమ్మిదికల్లా కారెక్కుదామని ఒకరంటారు. ఆ వేళకు అందరూ రోడ్డు మీదే ఉంటారు, మూడింటికి లేచి వెళ్తే ఎండెక్కే లోపు కృష్ణ దాటేయవచ్చని మరొకరంటారు. పిల్లల నిద్ర, పెద్దవాళ్ల మందుల వేళలు, మర్నాడు ఊళ్లో చూసుకోవాల్సిన పనులు అన్నీ ఆ మాటల్లోకి వస్తాయి. రెండేళ్ల కిందట మా ఇంట్లో మూడింటి ప్రయాణమే ఖాయమైంది. ఎల్బీనగర్ చేరేసరికే రోడ్డు నిండా మాలాగే ఆలోచించినవారు ఉన్నారు. ఒక టోల్ గేటు ముందు గంటా నలభై నిమిషాలు ఆగాం. వెనక సీట్లో కాళ్లు చాపుకునే వీలు లేక, కిందికి దిగి నిలబడదామంటే చలికి ఓర్చుకోలేక మా అమ్మ పడిన ఇబ్బంది ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది.

ఆ గేటు దగ్గర ఫాస్టాగ్ ఖాతా నుంచి తగ్గిన మొత్తం, ఏ మంగళవారం మధ్యాహ్నమో ఖాళీ రోడ్డు మీద వెళ్తే తగ్గే మొత్తమే. రూపాయి ఎక్కువ లేదు, రూపాయి తక్కువ లేదు. కానీ ఆ తెల్లవారుజామున మేం అసలు చెల్లించిన ధర గంటా నలభై నిమిషాలు. అది ఎవరి ఖాతాలోకీ చేరలేదు. రోడ్డు వేసినవారికి రాలేదు, ప్రభుత్వానికి రాలేదు, ఆగి ఉన్న ఇంజిన్ల పొగలో కలిసిపోయింది. నేను చెప్పదలచుకున్న విషయం ఇక్కడే ఉంది. రద్దీ వేళ అదనపు రుసుము మన రోడ్ల మీద ఇప్పటికే అమల్లో ఉంది. దాన్ని డబ్బు రూపంలో కాక కాలం రూపంలో కడుతున్నాం, కట్టినదంతా వృథా అవుతోంది.

జాతీయ రహదారుల రుసుమును 2008 నాటి నిబంధనల ప్రకారం లెక్కిస్తారు. వాహనం ఏ రకందో, రోడ్డు పొడవు ఎంతో, మధ్యలో వంతెనలు, బైపాస్‌లు ఉన్నాయో లేదో చూస్తారు. ఏటా ఏప్రిల్ 1న టోకు ధరల సూచీని బట్టి సవరిస్తారు. చుట్టుపక్కల ఊళ్లవారికి నెలవారీ పాస్ ఉంటుంది. ఇంత వివరంగా రాసిన నిబంధనల్లో గంటల లెక్క కనిపించేది ముఖ్యంగా ఒక్క చోటే: 24 గంటల్లో తిరిగివస్తే రానూపోనూ కలిపి ఒకవైపు రుసుముకు ఒకటిన్నర రెట్లు కడితే చాలు. త్వరగా తిరిగొచ్చేవారికి ఇచ్చే రాయితీ అది, రద్దీ లేని వేళ ఎంచుకున్నవారికి ఇచ్చేది కాదు. పెళ్లికి వెళ్లి, అలసి, ఆ గడువు దాటకూడదని అర్ధరాత్రి తిరుగు ప్రయాణం కట్టినవారిని నేను ఎరుగుదును. నిద్ర ముంచుకొస్తున్న కళ్లతో బండి నడపడానికి ఆ కాస్త మిగులు కారణం కావడం నాకు భయం కలిగిస్తుంది. టోల్ మన ప్రయాణ వేళలను మార్చగలదనడానికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం అక్కర్లేదు. తప్పు దిశలోనైనా అది మారుస్తూనే ఉంది.

గేట్ల దగ్గర ఆలస్యానికి మందు ఫాస్టాగ్ అని చెప్పారు. 2021 ఫిబ్రవరి నుంచి దాన్ని తప్పనిసరి చేశారు. ఫలితం లేదని ఎవరూ అనలేరు. లెక్క చిన్నదే: ఒక్కో వాహనానికి 10 సెకన్లు పడితే ఒక వరుసలో గంటకు 360 వాహనాలు దాటుతాయి. చిల్లర కోసమో, డబ్బు లేని ట్యాగ్ కోసమో 30 సెకన్లు పడితే దాటేవి 120. అయితే విజయవాడ దారిలోని పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు గేట్లు రెప్పపాటులో వాహనాలను వదిలినా, వాటి అవతల ఉన్నది నాలుగు వరుసల రోడ్డే. అది మోయగలిగినంతే మోస్తుంది. గేటు వేగం పెరిగితే ఆగడం చౌటుప్పల్ కూడలికో, పని నడుస్తున్న వంతెన దగ్గరికో జరుగుతుంది. రేపు గేట్లన్నీ తీసేసి, రోడ్డు పైన ఎత్తులో కెమెరాలు పెట్టి వసూలు చేసినా ఈ మాట మారదు. అందరూ ఒకే వేళకు రావడం అనే మూలం అలాగే ఉంటుంది.

ఈ చిక్కును తేటగా విప్పిచెప్పిన ఆర్థికవేత్త విలియం విక్రీ. 1950లలోనే న్యూయార్క్ భూగర్భ రైళ్లకు వేళను బట్టి టికెట్ ధర ఉండాలని వాదించిన మనిషి ఆయన. 1996 అక్టోబరులో నోబెల్ ప్రకటించిన మూడు రోజులకే కన్నుమూశారు. 1969లో ఆయన రాసిన ఒక విశ్లేషణ రోడ్డు మొత్తాన్ని వదిలి, సీసా మెడలా సన్నబడిన ఒక్క చోటును తీసుకుంటుంది. మన లెక్కలో చెప్పుకుందాం. గంటకు 3,000 వాహనాలు మాత్రమే దాటగల చోటును 9,000 వాహనాలు ఉదయం 6 గంటలకే దాటాలనుకున్నాయి. ఏం చేసినా అవన్నీ దాటడానికి మూడు గంటలు పడుతుంది. కాబట్టి కొందరు నాలుగింటికే దాటాలి, కొందరు ఏడింటికి దాటాలి. నాలుగింటికి దాటేవారికి వరుస ఉండదు, నిద్ర పోతుంది. ఏడింటికి దాటేవారికీ వరుస ఉండదు, ఊళ్లో పని ఆలస్యమవుతుంది. సరిగ్గా కోరుకున్న 6 గంటలకే దాటేవారు అందరికన్నా ఎక్కువసేపు నిలబడతారు. గంటసేపే నీళ్లు వచ్చే వీధి కుళాయి దగ్గర పెరిగినవారికి ఇది కొత్త సంగతి కాదు. ముందే బిందె పెట్టడానికి కోడి కూయకముందే లేచినవారు, వేళకు వచ్చి వరుసలో నిలబడినవారు, చివరికి వచ్చి సన్నటి ధార కింద బిందె పెట్టినవారు, ముగ్గురూ ఏదో ఒకటి వదులుకున్నవారే.

ఇప్పుడు విక్రీ ఆలోచనలోని అసలు మలుపు. నాలుగింటి నుంచి మెల్లగా పెరుగుతూ, 6 గంటలకు గరిష్ఠమై, ఏడింటికి మళ్లీ తగ్గిపోయే రుసుము పెట్టామనుకోండి. నాలుగింటికి దాటేవారు అప్పుడే దాటుతారు, 6 గంటలకు దాటేవారు అప్పుడే దాటుతారు. మారేది ఒక్కటే: 6 గంటలకు దాటేవారు ఇంటి నుంచి ఆలస్యంగా బయలుదేరతారు, ఎందుకంటే మధ్యలో నిలబడాల్సిన వరుస లేదు. వాళ్లు పోగొట్టుకునే కాలం విలువ ఎంతో, కట్టే రుసుము అంత. భారం పెరగలేదు. కానీ మునుపు పొగలో కలిసిన విలువ ఇప్పుడు చేతికి అందే డబ్బుగా మిగిలింది. ఈ మాటను మొదటిసారి అర్థం చేసుకున్న రోజు నాకు ఆ గేటు ముందు పోయిన గంటా నలభై నిమిషాలు గుర్తొచ్చాయి. అక్కడ నిలబడిన వేల కుటుంబాలవి కూడా.

అయితే ఆ లెక్కలో అందరి గంటకూ ఒకే విలువ. మన రోడ్డు మీద అలా ఉండదు. నెలకు లక్షలు సంపాదించేవారికి 200 రూపాయల అదనపు రుసుము పట్టదు. కారు అద్దెకు తిప్పి బతికే డ్రైవరుకు అది ఒక పూట సంపాదన. కాబట్టి వసూలైన డబ్బు ఎక్కడికి వెళ్తుందన్నదే ఈ విధానం న్యాయమైనదో కాదో తేలుస్తుంది. కానీ రుసుము ఎంత అన్న ప్రశ్న కంటే ముందు నేను మరో ప్రశ్న అడుగుతాను: ప్రయాణ వేళను నిర్ణయించేది ఎవరు?

సింగపూర్ 1975 జూన్‌లో నగర కేంద్రంలోకి ఉదయం 7:30 నుంచి 9:30 మధ్య వచ్చే కార్లకు రోజుకు 3 సింగపూర్ డాలర్ల అనుమతి పత్రం తప్పనిసరి చేసింది. ఆ రెండు గంటల్లో కార్లు భారీగా తగ్గాయి. 7:30కు ముందు పెరిగాయి. 9:30 దాటీదాటగానే ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. కొద్ది వారాల్లోనే గడువును 10:15 దాకా పొడిగించాల్సి వచ్చింది. 1998లో ఎలక్ట్రానిక్ వసూలు వచ్చి ధర అరగంటకోసారి మారడం మొదలైంది. ధర మారే నిమిషం కోసం కొందరు వేగం తగ్గించడం, కొందరు దూకుడుగా వెళ్లడం చూసి, 2003లో ఆ మార్పును కూడా మెట్లుమెట్లుగా చేశారు. నిటారు గోడలా పెట్టిన ధర కొత్త రద్దీని పుట్టిస్తుందని, ఏటవాలుగా ఉంచితేనే జనం సర్దుకుంటారని సింగపూర్‌వారు పాతికేళ్లకు పైగా దిద్దుకుంటూ నేర్చుకున్నారు. మనం మొదలుపెడితే అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

న్యూయార్క్ అనుభవం ఇంకా విలువైనదని నా అభిప్రాయం. అక్కడ హడ్సన్ నదిపై వంతెనలు, సొరంగాల టోల్‌ను 2001లో వేళను బట్టి మార్చారు. లారీల వేళలు మాత్రం పెద్దగా మారలేదు. కారణం వెతికితే తేలింది ఇది: సరుకు ఏ వేళకు రావాలో చెప్పేది లారీవారు కాదు, దాన్ని దించుకునే దుకాణం. టోల్ కట్టేది ఒకరు, వేళ నిర్ణయించేది మరొకరు. ఆ తర్వాత రాత్రిపూట సరుకు దించుకోవడానికి ఒప్పుకున్న దుకాణాలకు ప్రోత్సాహకం ఇచ్చి చూస్తే వేళలు కదిలాయి.

ఈ పాఠాన్ని విజయవాడ రోడ్డుకు తెచ్చి చూడండి. సంక్రాంతి రద్దీలో ఎవరి వేళ వారి చేతిలో ఉంది? హాస్టల్ విద్యార్థికి కాలేజీ ఏ సాయంత్రం గేటు తెరిస్తే అదే వేళ. ప్రైవేటు ఉద్యోగికి యజమాని సెలవు మంజూరు చేసినదే వేళ. మేస్త్రీ కింద పనిచేసే కూలీకి వారం డబ్బులు చేతిలో పడినదే వేళ. వీళ్లెవరి ప్రయాణమూ 50 రూపాయల రాయితీతో కదలదు. కదిలేది, కాలేజీలు సెలవులను రెండు మూడు రోజుల తేడాతో మొదలుపెడితే. కదిలేది, కంపెనీలు పండుగ ముందు రెండు రోజులు ఇంటి నుంచి పనికి వీలిస్తే. 2023 జులైలో కుండపోత వానలప్పుడు సైబరాబాద్ పోలీసులు ఐటీ సంస్థలను ప్రాంతాలవారీగా మూడు విడతల్లో ఉద్యోగులను ఇళ్లకు పంపమని కోరారు. వానకు సాధ్యమైన సర్దుబాటు, నెలల ముందే తేదీ తెలిసిన పండుగకు ఎందుకు సాధ్యం కాదు? ఈ విషయంలో రెండు ప్రభుత్వాల విద్యాశాఖలు కూర్చుని ఒక్కసారి మాట్లాడుకుంటే వచ్చే ఫలితం, కొన్ని కోట్ల ఖర్చుతో వేసే అదనపు వరుస వల్ల కూడా రాదు.

మరి వేళ చేతిలో ఉన్నవారు లేరా? చాలామందే ఉన్నారు. సొంత కారు, సొంత వ్యాపారం, పదవీ విరమణ చేసిన దంపతులు, ఇంటి నుంచే పనిచేసే ఉద్యోగులు. రుసుములో తేడా వీరి కోసం. రద్దీ ఎంత చిత్రమైనదంటే, అందరూ కదలనక్కర్లేదు. గంటకు 3,000 దాటగలిగే చోటుకు 3,300 వస్తే వరుస నిమిషనిమిషానికీ పెరుగుతూనే పోతుంది. ఆ 300 మందీ మరో గంటకు జరిగితే అసలు వరుసే పుట్టదు. పదకొండు మందిలో ఒకరిని కదిలించగలిగితే చాలు.

ఇక్కడ ఒక అన్యాయం గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. పండుగ రద్దీకి అదనపు ధర చెల్లించేవారు ఇప్పటికే ఉన్నారు. వారు బస్సు ప్రయాణికులు. తెలంగాణ ఆర్టీసీ సంక్రాంతికి నడిపే ప్రత్యేక బస్సుల్లో ఒకటిన్నర రెట్ల దాకా ఛార్జీ తీసుకుంటుంది, తిరుగు దారిలో బస్సు ఖాళీగా రావాలి కాబట్టి. ఆ కారణం నాకు అర్థమవుతుంది. ప్రైవేటు ట్రావెల్స్ ధరలు ఎంత దాకా వెళ్తాయో టికెట్ కొన్నవారందరికీ తెలుసు. ఆ తెల్లవారుజామున మా కారు పక్కనే ఒక బస్సు ఆగి ఉంది. కిటికీల నిండా నిద్రపోతున్న తలలు, నడవలో నిలబడ్డవారు. యాభై మందికి పైగా ఉన్న ఆ బస్సు రోడ్డు మీద ఆక్రమించింది మూడు కార్ల చోటు. అందులో ఉన్నవారిది రద్దీ ధర. నలుగురం ఉన్న మా కారుది మామూలు ధర. అదే వరుసలో ఇద్దరమూ సమానంగా నిలబడ్డాం. రద్దీని తక్కువ పెంచేవారి దగ్గర ఎక్కువ, ఎక్కువ పెంచేవారి దగ్గర తక్కువ తీసుకునే ఈ ఏర్పాటును ఎవరూ కావాలని చేయలేదు. కానీ ఏళ్లుగా అలాగే నడుస్తోంది.

అందుకే సంక్రాంతి వచ్చినప్పుడల్లా వినిపించే టోల్ రద్దు కోరికను నేను సమర్థించలేను. దాని వెనక ఉన్న బాధ నిజం. కానీ పండుగ రోజుల్లో కార్లకు టోల్ ఎత్తేయడమంటే, ఏడాదిలో అత్యంత రద్దీ వేళకే అత్యధిక రాయితీ ఇవ్వడం. రైలుకు వెళ్దామా కారులో వెళ్దామా అని ఆలోచిస్తున్న కుటుంబాన్ని కూడా రోడ్డెక్కించడం. ఆ కోరికలో ఒప్పుకోవాల్సిన భాగం ఒకటుంది. డబ్బు తీసుకుని దారి చూపలేకపోతే ఆ డబ్బు తీసుకునే హక్కు ఎక్కడిది? 2021లో జాతీయ రహదారుల సంస్థ, గేటు ముందు వరుస 100 మీటర్లు దాటితే రుసుము లేకుండా వదలాలని మార్గదర్శకం ఇచ్చింది. ఆచరణలో అది నిలవలేదు. వరుస పరిమితి దాటినప్పుడు గేటు తెరవడం వసూలుదారు మీద పడే జరిమానాగా ఉండాలి. పండుగ కానుకగా మాత్రం ఉండకూడదు.

ధరతో వేళను కదిలించే తేలికైన దారి ఒకటి కొత్తగా చేతికొచ్చింది. 2025 ఆగస్టు 15న సొంత కార్లకు 3,000 రూపాయల ధరతో వార్షిక పాస్ మొదలుపెట్టారు. ఏడాదిలో 200 సార్లు గేటు దాటవచ్చు, అంటే ఆ ధర ప్రకారం ఒక్కోసారికి 15 రూపాయలు. తరచూ తిరిగేవారికి మేలైనదే. కానీ పాస్ కొన్నాక ఏ గేటు దగ్గరా, ఏ వేళా జేబు మీద భారం కనిపించదు. ఉన్న కొద్దిపాటి సూచన కూడా పోతుంది. దీన్ని సరిచేయడానికి డబ్బు ముట్టుకోనక్కర్లేదు. పండుగ రద్దీ గంటల్లో దాటితే రెండు ప్రయాణాలుగా లెక్కించండి. అదే రోజుల్లో ఖాళీ గంటల్లో దాటితే అసలు లెక్కించకండి. ముందుగా ప్రకటించిన పట్టిక ఉంటే చాలు. కరెంటుకు వేళను బట్టి ధర ఉండటం పరిశ్రమలకు అలవాటైన విషయమే. సాయంత్రపు గరిష్ఠ వినియోగం తప్పించడానికి షిఫ్టులు మార్చుకునే ఫ్యాక్టరీలు ఉన్నాయి. కరెంటు తీగకు ఉన్న హద్దు లాంటిదే రోడ్డుకూ ఉంది.

ఖాళీ గంటలంటే ఏవి? ఈ చోట చాలా జాగ్రత్త కావాలి. లెక్క మాత్రమే చూసేవారు రాత్రి రెండింటికి రాయితీ ఇవ్వమంటారు, రోడ్డు అప్పుడు ఖాళీ కాబట్టి. నేను గట్టిగా వద్దంటాను. పగలంతా ఉద్యోగం చేసి, రాత్రంతా బండి నడిపే మనిషికి తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య కళ్లు మూతపడతాయి. ఆగి ఉన్న లారీ వెనక భాగం ఆ చీకట్లో కనిపించదు. ఆ గంటల్లోకి ఒక్క కుటుంబాన్నయినా 100 రూపాయల ఆశ చూపి నెట్టడం పాపం. రాయితీ పగటి ఖాళీ వేళలకే ఉండాలి: ఉదయం పది తర్వాత, మధ్యాహ్నం, పండుగకు మూడు నాలుగు రోజుల ముందు. లారీల విషయంలో మనం ఈ తప్పు ఎప్పుడో చేశాం. పగలు నగరంలోకి భారీ లారీలు రాకుండా నిషేధించి, వాటి డ్రైవర్ల పనంతా రాత్రికి తోసేశాం. ఊరికి తగ్గిన రద్దీ వాళ్లకు కరవైన నిద్రగా మారింది. దానికి లెక్క కట్టినవారు లేరు.

నగరం లోపలి సంగతి వేరు. గచ్చిబౌలి, మాదాపూర్ రోడ్ల మీద రద్దీ రుసుము పెట్టాలనే మాట అప్పుడప్పుడు వినిపిస్తుంది. ఇప్పుడే వద్దని నా అభిప్రాయం. స్టాక్‌హోమ్ 2006 జనవరిలో ఏడు నెలల ప్రయోగంగా వేళను బట్టి రుసుము మొదలుపెట్టినప్పుడు నగర కేంద్రం సరిహద్దు దాటే వాహనాలు ఐదింట ఒక వంతు తగ్గాయి. మొదట వ్యతిరేకించిన ఊరు, ఫలితం చూశాక ఓటింగులో స్వల్ప మెజారిటీతో ఒప్పుకుంది. కానీ అక్కడ రుసుముకు నెలల ముందే, 2005 ఆగస్టులోనే, అదనపు బస్సులు రోడ్డెక్కాయి. మెట్రో దిగాక ఆఫీసు దాకా చేర్చే బస్సు కోసం ఎదురుచూసే చోట, కారు మానుకోమని రుసుముతో చెప్పడం సరికాదు. ఔటర్ రింగ్ రోడ్డు మాత్రం సరైన ప్రయోగశాల అయి ఉండేది. 158 కిలోమీటర్లు, ఎక్కేచోటా దిగేచోటా గేట్లు, ప్రతి వాహనం వేళా నమోదవుతుంది. 2023లో దాన్ని 7,380 కోట్ల రూపాయలకు 30 ఏళ్ల లీజుకు ఇచ్చారు. ఇకముందు రాసే ఇలాంటి ఒప్పందాల్లో, వేళను బట్టి రుసుము మార్చే అధికారం ప్రజా సంస్థ చేతిలో ఉండాలని ఒక్క వాక్యం చేర్చాలి. ముప్పై ఏళ్ల తర్వాత కావాలనుకుంటే దొరికేది కాదు అది.

వచ్చే సంక్రాంతికి వీటిలో ఏది సాధ్యం? రద్దీ వేళ అదనంగా వసూలయ్యే ప్రతి రూపాయీ అదే దారిలో నడిచే ప్రత్యేక బస్సుల అదనపు ఛార్జీ తగ్గించడానికి వెళ్లేలా చట్టం మార్చాలంటే సమయం పడుతుంది. గేట్ల దగ్గర ఆర్టీసీ బస్సులకు ఒక వరుస కేటాయించడానికి చట్టం అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు. ఇంకొకటి అంతకన్నా తేలిక. ఫాస్టాగ్ వచ్చాక ప్రతి గేటునూ ఏ నిమిషంలో ఎన్ని వాహనాలు దాటాయో యంత్రాల్లో నమోదై ఉంది. పోయిన సంక్రాంతి వారంలో ఒక్కో గేటుకు గంటగంటకూ ఎన్ని వచ్చాయి, ఎంతసేపు ఆగాయి అన్న పట్టికను డిసెంబరు నెలాఖరుకల్లా పత్రికలకు ఇవ్వాలి. వాహనం నంబరు అవసరం లేదు, ఎవరి పేరూ అవసరం లేదు. భోగి ముందు రాత్రి లక్షల ఇళ్లలో జరిగే ఆ చర్చ ఇప్పుడు పూర్తిగా ఊహ మీద నడుస్తోంది. ఊహలన్నీ ఒకలాగే ఉండటం వల్లే అందరం ఒకే వేళకు రోడ్డు మీద కలుస్తున్నాం. ఈసారి మా అమ్మ తన మాట ముందే చెప్పింది. మధ్యాహ్నం అన్నం తిని, వెలుతురులోనే వెళ్దామంది.